కుకీతో ఏ బీరు? జోడీల పట్టికలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవు

క్రాఫ్ట్ బీర్లు రుచి చూపించే చోట్ల ఒకప్పుడు పక్కన జున్ను, ఉప్పు బిస్కెట్లు ఉండేవి. ఇప్పుడు కుకీలూ వచ్చి చేరాయి. వాటితోపాటే దేనికి ఏది జోడీయో చెప్పే పట్టికలూ పుట్టుకొచ్చాయి. చాక్లెట్ చిప్ కుకీనే తీసుకోండి. ఒక పట్టిక దానికి స్టౌట్ (మాడు చేదు ఉండే నల్లటి బీరు) అంటుంది, ఇంకొకటి ఐపీఏ (హాప్ పూల చేదు, వాసన ముందుండే బీరు) అంటుంది, మూడోది చెర్రీలు వేసి పులియబెట్టిన పుల్లటి బీరు అంటుంది. రాసినవాళ్లంతా విషయం తెలిసినవాళ్లే. అయినా ఇంత తేడా ఎందుకంటే, అందరూ పేరుకు పేరు జత చేస్తున్నారు. స్టౌట్ అన్న పేరు కింద 4 శాతం ఆల్కహాల్‌తో పొడిగా, అంటే తీపి మిగలకుండా ఉండేదీ వస్తుంది, 12 శాతంతో పాకంలా చిక్కగా ఉండేదీ వస్తుంది. కుకీ సంగతీ అంతే. పేర్లు పక్కనపెట్టి లోపల ఏముందో చూస్తే ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

బీరు సీసా మీది రెండు అంకెలు, అవి చెప్పనివి

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని వేడినీళ్లలో నానబెడితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి ద్రవాన్ని హాప్ పూలతో మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. చిన్న తయారీదారులు ఈ నాలుగు దినుసులతో ఆడే ఆటే క్రాఫ్ట్ బీరు. కొందరు పండ్లు, కాఫీ, వెనిల్లా, ఓక్ పీపాలు కూడా ఆటలోకి తెస్తారు.

సీసా మీద కనిపించే ఏబీవీ అంటే వంద మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉందో చెప్పే శాతం. ఐబీయూ చేదుకు కొలత. ఒక ఐబీయూ అంటే లీటరు బీరులో దాదాపు ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం. హాప్స్‌ను మరిగించినప్పుడు పుట్టే చేదు పదార్థం అది. లేత రంగు, తేట బీరు పిల్స్‌నర్ సాధారణంగా 25 నుంచి 45, అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70, ఆల్కహాల్ ఎక్కువుండే ఇంపీరియల్ స్టౌట్ 50 నుంచి 90 మధ్య ఉంటాయి.

అంకె చూసి ఇంపీరియల్ స్టౌటే అన్నిటికన్నా చేదనుకుంటే పొరపాటు. దాంట్లో ఈస్ట్ తినలేక వదిలేసిన పదార్థం ఎక్కువ. 60 ఐబీయూ ఉన్న ఐపీఏ నాలుకను పట్టుకుంటుంది, అదే 60 ఉన్న ఇంపీరియల్ స్టౌట్‌లో చేదు వెనక్కి పోతుంది. అందుకే ఐబీయూ ఒక్కటే చూసి జోడీ కుదర్చడం కుదరదు.

కుకీలో చక్కెర వాటా ఎంత?

ఇది కట్టాల్సిన మొదటి లెక్క. పట్టికల్లో దాదాపు ఎక్కడా కనిపించనిది కూడా ఇదే.

షార్ట్‌బ్రెడ్‌కు పాత కొలత ఒక పాలు చక్కెర, రెండు పాళ్లు వెన్న, మూడు పాళ్లు మైదా. 100 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా కలిపితే 600 గ్రాములు. చక్కెర వాటా 17 శాతం లోపే.

ఇప్పుడు చాక్లెట్ చిప్ కుకీ. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల్లో తన టోల్ హౌస్ సత్రంలో చేసిన కుకీ ఇది. దాని దారిలోనే నడిచే మామూలు కొలత చూద్దాం: మైదా 280 గ్రాములు, వెన్న 225, తెల్ల చక్కెర, బ్రౌన్ షుగర్ కలిపి 315, రెండు గుడ్లు 100, చాక్లెట్ ముక్కలు 340. మొత్తం 1,260 గ్రాములు. ముక్కల్లో సగం చక్కెరే అనుకుంటే ఇంకో 170. అంటే చక్కెర 485 గ్రాములు, 38 శాతం దాకా. కాలేటప్పుడు నీరు ఆవిరైపోతుంది కాబట్టి చేతికొచ్చే కుకీలో వాటా ఇంకాస్త పెరుగుతుంది.

రెండూ కుకీలే అయినా ఒకదానిలో రెండో దానికి రెట్టింపు పైనే తీపి. షార్ట్‌బ్రెడ్ పక్కన సన్నటి పిల్స్‌నర్ కూడా నిలబడుతుంది. మాల్ట్‌లోని రొట్టె వాసన, వెన్న కమ్మదనం చక్కగా కలుస్తాయి. అదే పిల్స్‌నర్‌ను చాక్లెట్ చిప్ కుకీ తర్వాత తాగితే నీళ్లు కలిపిన చేదు మందులా ఉంటుంది. తప్పు పిల్స్‌నర్‌ది కాదు. బాగా తియ్యటిది తిన్నాక నాలుక ఆ తీపికి అలవాటు పడిపోతుంది. తర్వాత వచ్చే దాంట్లో ఉన్న కాస్త తీపీ దానికి అందదు, చేదు, పులుపు మాత్రం బయటపడతాయి.

బీరు ఎప్పటికీ కుకీ అంత తియ్యగా ఉండదు

వైన్ లోకంలో ఒక సూత్రం ఉంది: పానీయం మిఠాయి కన్నా తియ్యగా ఉండాలి. దాన్ని బీరుకు తెచ్చి అంటించేవాళ్లు తియ్యటి స్టౌట్లు, అందులోనూ మిల్క్ స్టౌట్ ఎంచుకోమంటారు. మిల్క్ స్టౌట్‌లో పాల చక్కెర, అంటే లాక్టోజ్ వేస్తారు. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి అది అలాగే మిగిలిపోతుంది.

లెక్క చూడండి. 20 లీటర్ల బీరులో 500 గ్రాముల లాక్టోజ్ వేశారనుకుందాం. 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాములు. లాక్టోజ్ తీపి మామూలు చక్కెరలో దాదాపు ఐదో వంతు. అంటే 100 మిల్లీలీటర్లలో అర గ్రాము చక్కెర వేసినంత తీపి. పక్కనున్న 30 గ్రాముల చాక్లెట్ చిప్ కుకీలో 11 గ్రాముల పైనే చక్కెర ఉంది. ఈ పందెంలో బీరు గెలవడం కల్ల. లాక్టోజ్ అసలు పని చిక్కదనం ఇవ్వడం. ఇంపీరియల్ స్టౌట్‌లో 100 గ్రాములకు సుమారు 10 గ్రాముల పదార్థం మిగిలినా, అందులో ఎక్కువ భాగం డెక్స్‌ట్రిన్లు. వాటికి బరువుంటుంది కానీ తీపి ఉండదు.

అయినా స్టౌట్, కుకీ బాగుంటాయి. తీపి లేని వైన్‌తో కుకీ మాత్రం బాగుండదు. తేడా పులుపులో ఉంది. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వైన్ పీహెచ్ 3 నుంచి 3.8 దాకా, మామూలు బీరుది 4 నుంచి 4.6 దాకా. తీపికి అలవాటు పడిన నాలుక మీద వైన్ పులుపు కోసినట్టు తగులుతుంది. బీరులో బయటపడేది చేదు. ఆ చేదు బాగా వేయించిన మాల్ట్ నుంచి వచ్చిందైతే మనకు కొత్త కాదు, మిఠాయి పక్కన పెట్టుకునే బ్లాక్ కాఫీలో ఉండేదీ అలాంటిదే. కాబట్టి తీపికి తీపి అన్న సూత్రం బీరు విషయంలో పనికిరాదు. ఆ తీపి పక్కన బయటపడే చేదు ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న.

ఓవెన్‌లోనూ బట్టీలోనూ జరిగేది ఒకటే

కుకీ అంచులు గోధుమ రంగులోకి తిరగడం, మాల్ట్ బట్టీలో రంగెక్కడం ఒకే రసాయన చర్య ఫలితాలు. అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి వందల కొద్దీ వాసన పదార్థాలను పుట్టిస్తాయి. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరు మీద దాన్ని మయార్ చర్య అంటారు. అందులో పుట్టే పైరజీన్లు వేయించిన పల్లీలకు, కాఫీకి, కోకోకు, ముదురు మాల్ట్‌కు ఆ ఘుమఘుమ ఇస్తాయి. పీనట్ బటర్ కుకీ పక్కన ముదురు రంగు బీర్లు బ్రౌన్ ఏల్‌గానీ పోర్టర్‌గానీ పెడితే దాదాపు గురి తప్పదు, కారణం ఇదే. పైగా ఆ కుకీలో ఉప్పు కాస్త ఎక్కువ. ఉప్పు చేదును అణచి, అడుగున ఉన్న తీపిని పైకి తెస్తుంది. పోర్టర్‌లోని మాడు చేదు దాంతో మెత్తబడుతుంది.

ఇలాంటి బంధుత్వాలు ఇంకా ఉన్నాయి. బెల్జియం పద్ధతి డుబ్బెల్ ఏల్‌లో ముదురు క్యాండీ చక్కెర వల్ల ఎండు ద్రాక్ష, ఆల్‌బుకారా వాసనలు వస్తాయి. ఎండు ద్రాక్ష వేసిన ఓట్‌మీల్ కుకీకి అంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. జర్మన్ గోధుమ బీరు హెఫెవైజెన్‌లో ఈస్ట్ రెండు వాసనలు పుట్టిస్తుంది: అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్, లవంగాన్ని గుర్తుచేసే 4-వినైల్ గ్వాయకాల్. దాల్చినచెక్క, లవంగం పడిన కుకీలకు ఇది కలిసొస్తుంది.

వాసనలు కలిస్తే జోడీ కుదిరినట్టేనా? ఇక్కడ అభిప్రాయాలు చీలిపోతాయి. 2011లో వేలాది వంటకాల దినుసులను పోల్చిన ఒక పరిశోధనలో ఉత్తర అమెరికా, పశ్చిమ ఐరోపా వంటల్లో ఒకే వాసన పదార్థాలున్న దినుసులు కలవడం ఎక్కువని, తూర్పు ఆసియా వంటల్లో అలాంటి కలయికలు తక్కువని తేలింది. ఒకే వాసన ఉన్నవే కలవాలన్నది ప్రకృతి నియమం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అచ్చం కుకీలా ఉండే బీరును కుకీతో తాగితే

పేస్ట్రీ స్టౌట్ అని పిలిచే బీర్లు ఈ గొడవకు కేంద్రం. వెనిల్లా, కోకో, కొబ్బరి, లాక్టోజ్, ఒక్కోసారి కుకీలనే నేరుగా వేసి చేస్తారు. వీటిని ఇష్టపడేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: బీరు తియ్యగా, చిక్కగా ఉంటే కుకీ ముందు వెలవెలబోదు. ఆ మాటలో నిజముంది. ఇవి చాలాసార్లు తీపి మిగిలేలా చేసినవే, మామూలు స్టౌట్ లెక్క వీటికి వర్తించదు.

ఎదుటి పక్షం చెప్పేదీ గట్టిదే. ఒకే వాసన ముక్కుకు పదేపదే తగిలితే అది మొద్దుబారుతుంది. వెనిల్లా బాగా పడిన కుకీ రెండు కొరుకులు తిన్నాక వెనిల్లా స్టౌట్ తాగితే, బీరులోని వెనిల్లా మాయమైపోతుంది. మిగిలేది మాడిన చేదు, ఆల్కహాల్ వేడి. డబ్బు పోసి కొన్న వాసనే కనబడకుండా పోతుంది. రెండో వాదనే నాకు సరైనదనిపిస్తుంది. ఆ బీరు పక్కన వెనిల్లా, చాక్లెట్ లేని కుకీ, అంటే ఉప్పు కాస్త ఎక్కువ వేసిన షార్ట్‌బ్రెడ్ పెడితే బీరులో ఉన్నదంతా తెలుస్తుంది. పేస్ట్రీ స్టౌట్‌నే మిఠాయిగా, కుకీని రొట్టె ముక్కగా అనుకుంటే సరిపోతుంది.

ఐపీఏ మీద తగవు

చేదు తీపిని కోసేస్తుందని ఐపీఏ పక్షం అంటుంది. కొత్త రకం హాప్స్‌లో మామిడి, కమలా, ద్రాక్షపండు వాసనలుంటాయి, పళ్లకూ మిఠాయిలకూ పొత్తు పాతదే కదా అన్నది వాళ్ల రెండో మాట. తీపి తర్వాత చేదు మరింత చేదవుతుందని అవతలి పక్షం అంటుంది.

రెండు పక్షాలూ వేర్వేరు ఐపీఏల గురించి మాట్లాడుతున్నాయి. మసకగా, మెత్తగా ఉండే న్యూ ఇంగ్లండ్ రకంలో ఓట్స్, గోధుమ పడతాయి. హాప్స్‌లో ఎక్కువ భాగం మరిగేటప్పుడు కాకుండా తర్వాత వేస్తారు కాబట్టి వాసన నిండుగా, చేదు తక్కువగా ఉంటుంది. కమలా తొక్క తురిమిన కుకీకీ, తెల్ల చాక్లెట్ కుకీకీ, కొబ్బరి మకరూన్‌కూ అది బాగా నప్పుతుంది. పొడిగా, తేటగా, 70 ఐబీయూతో ఉండే వెస్ట్ కోస్ట్ రకాన్ని ముదురు చాక్లెట్ కుకీతో కలిపితే కోకో చేదు, వగరు, హాప్ చేదు మూడూ ఒకదాని మీద ఒకటి పడి నోట్లో లోహం నాకినట్టుంటుంది. కుకీలో వెన్న ఎక్కువ, కోకో సున్నా అయితే అదే బీరు కొంత ఓర్చుకోదగ్గదవుతుంది, కొవ్వు చేదును కాస్త మెత్తబరుస్తుంది కాబట్టి.

బుడగలు, వెన్న, చల్లదనం

బుడగలు నాలుక మీది కొవ్వును తోమేస్తాయని అందరూ రాస్తారు. బుడగల చురుకు మాత్రం ప్రధానంగా వాటి తాకిడి వల్ల వచ్చేది కాదు. కార్బన్ డయాక్సైడ్ నోట్లో కార్బానిక్ ఆమ్లంగా మారి చురుక్కుమనిపిస్తుంది. పీడనం పెంచిన గదిలో బుడగలు పుట్టకుండా చేసి తాగించినా చురుకు తగ్గలేదని 2013లో వచ్చిన ఒక ప్రయోగం చూపింది. పర్వతారోహకులు ఎత్తు జబ్బుకు వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఈ మార్పును జరిపించే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు బుడగలు నిండుగా ఉన్న బీరు కూడా చప్పగా అనిపిస్తుంది.

జోడీకి ఇది ఎలా పనికొస్తుందంటే, గ్యాస్ ఎంతుందన్నది రుచి అంత ముఖ్యం. లీటరు బీరులో ఎన్ని లీటర్ల గ్యాస్ కరిగి ఉందో చెప్పే కొలతలో గోధుమ బీర్లు 3 నుంచి 4 దాకా, మామూలు స్టౌట్లు 2 దగ్గర ఉంటాయి. నైట్రోజన్‌తో పోసే స్టౌట్‌లో కార్బన్ డయాక్సైడ్ ఇంకా తక్కువ. నైట్రోజన్ ఆమ్లంగా మారదు కాబట్టి చురుకు ఉండదు, దాని బుడగలు చాలా చిన్నవి కాబట్టి ఆ నురగ మీగడలా ఉంటుంది. వెన్న కారే కుకీతో నైట్రో స్టౌట్ తాగితే మీగడ మీద మీగడ పేర్చినట్టై మూడో గుక్కకే మొహం మొత్తుతుంది. అలాంటి కుకీకి గ్యాస్ ఎక్కువున్న బెల్జియన్ ట్రిపెల్‌గానీ హెఫెవైజెన్‌గానీ నయం.

ఇక చల్లదనం. ఎక్కువ జోడీలు చెడేది ఇక్కడే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. కోకో బటర్ 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, వెన్న కూడా దరిదాపుల్లోనే. చాక్లెట్ ముక్క నోట్లో మెత్తబడే లోపే 4 డిగ్రీల బీరు పోస్తే అది గడ్డకట్టి మైనపు ముక్కలా పళ్లకు అంటుకుంటుంది. కోకో వాసన ఆ కొవ్వులోనే చిక్కుకుపోతుంది. అంత చల్లటి స్టౌట్ సంగతి చెప్పనక్కర్లేదు, దాని వాసన గ్లాసు దాటి రాదు. పిల్స్‌నర్‌కు 5 నుంచి 7 డిగ్రీలు చాలు. పోర్టర్, స్టౌట్, డుబ్బెల్ 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటే కుకీ కరుగుతుంది, బీరూ నోరు విప్పుతుంది. వరస కూడా లెక్కే: ముందు కొరికి, నమిలి, కొవ్వు కరిగి నాలుక మీద పరుచుకున్నాక గుక్క వేస్తేనే రెండూ కలుస్తాయి.

దగ్గరగా చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. మొదటి కొరుకు తర్వాత పెదవులు గ్లాసుకు తగిలిన చోట నురగ చీలి, అక్కడి నుంచి అణగిపోతుంది. బీరు పాడైందని అనుకోనక్కర్లేదు. పెదవి మీది వెన్న నురగ పొరలను తెంచుతుంది, అంతే.

అల్లం, నిమ్మ, పండు

అల్లం కుకీలో ఘాటు రుచి కాదు, మంట. ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది, గ్యాస్ చురుకు తోడవుతుంది, హాప్ చేదు కూడా చేరితే గొంతు గరగరలాడుతుంది. 9 శాతం డబుల్ ఐపీఏతో అల్లం కుకీ నచ్చకపోవడానికి కారణం ఇదే. 5 నుంచి 7 శాతం ఉండి మాల్ట్ ముందుండే బీర్లు, ఉదాహరణకు డుంకెల్, బాక్, ఆ ఘాటును మోయగలవు.

నిమ్మ కుకీతో పుల్లటి బీరు పెట్టడం వింతగా అనిపిస్తుంది. పులుపుకు అలవాటు పడిన నాలుకకు తర్వాతి పులుపు తక్కువగా తెలుస్తుంది కాబట్టి ఉప్పు, ధనియాలు వేసి చేసే గోజె నిమ్మ కుకీ తర్వాత మెత్తగా, పండులా ఉంటుంది. పులుపు లేని చక్కెర కుకీతో అదే గోజె పళ్లు పులిసేలా తగులుతుంది.

చెర్రీలు వేసిన పుల్లటి బీరు క్రీక్ విషయంలో ఒక మెలిక ఉంది. పాత పద్ధతిలో చేసినది పూర్తిగా పొడిగా, పుల్లగా ఉంటుంది. బజారులో ఎక్కువగా దొరికేది రసమో చక్కెరో కలిపి తీపి చేసినది. చాక్లెట్ కుకీకి నప్పుతుందని చెప్పే క్రీక్ చాలాసార్లు ఈ రెండోదే. అది తెలియక మొదటిది తెచ్చుకున్నవాళ్లకు దొరికేది వెనిగర్ అంచున ఉండే పులుపు.

మూడు పట్టికలూ ఒప్పయ్యే చోటు

ఇప్పుడు ఆ చాక్లెట్ చిప్ కుకీకి మూడు సలహాలూ ఎప్పుడు నిజమవుతాయో చూడొచ్చు. కుకీ అంచులు బాగా ఎర్రబడి, బ్రౌన్ షుగర్ పాకం వాసన ముందుకొచ్చి, చాక్లెట్ 60 శాతం దాకా ముదురుదైతే ఓట్‌మీల్ స్టౌట్ గెలుస్తుంది. ఓట్స్ ఇచ్చే నునుపు వెన్నకు తోడు, వేయించిన చేదు తీపికి మందు. లేతగా కాల్చి, పాల చాక్లెట్ వేసి, పైన ఉప్పు చల్లిన కుకీ అయితే మసక ఐపీఏ కూడా నిలుస్తుంది. ఉప్పు హాప్ చేదును అణచి పండు వాసనకు దారిస్తుంది. చాక్లెట్ ఎక్కువై పిండి నామమాత్రంగా ఉంటే తీపి చేసిన క్రీక్ బాగుంటుంది, ఎందుకంటే అప్పుడు తింటున్నది కుకీ కన్నా చాక్లెట్టే.

ఒకేసారి ఎంత పోయాలి?

నాలుగైదు జోడీలు వరసగా చూసేటప్పుడు ఒక్కోదానికి 60 నుంచి 90 మిల్లీలీటర్ల బీరు, పావు నుంచి సగం కుకీ చాలు. తేలికవి, పొడివి ముందు, తియ్యటివి, పులుపువి, బాగా వేయించినవి తర్వాత. ఇంపీరియల్ స్టౌట్ తర్వాత పిల్స్‌నర్ తాగితే రంగునీళ్లే. మధ్యలో ఉప్పు లేని రొట్టె, గది వేడి మీదున్న నీళ్లు నాలుకను మళ్లీ మొదటికి తెస్తాయి.

చిన్న గ్లాసులే కదా అన్న లెక్క ఆల్కహాల్ దగ్గర తప్పుతుంది. 10 శాతం స్టౌట్ 90 మిల్లీలీటర్లలో 9 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, బరువులో సుమారు 7 గ్రాములు. అలాంటివి నాలుగైతే 28 గ్రాములు. 5 శాతం లాగర్ 330 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 13 గ్రాములు. నాలుగు చిన్న గ్లాసులు రెండు సీసాలను దాటేశాయి, మీద తీపి ఉండటంతో అది నోటికి తెలియలేదు కూడా.